కాంగోలో ఒకడు, మంచుకొండల్లో ఒకడు

దొరువులపాలెం హజరత్తయ్యకు ఇద్దరు కొడుకులు. ఇద్దరూ పట్టాళంలోనే ఉన్నారు. పెద్దవాడు జయరామయ్య సరుకులు మోసే లారీ నడుపుతాడు. చిన్నవాడు పద్మనాభయ్య సిగ్నల్సులో టెలిఫోను తీగలు లాగుతాడు. అరవై రెండో సంవత్సరం ఎండాకాలంలో పెద్దవాణ్ణి ఓడెక్కించి ఆఫ్రికాలో కాంగో అనే దేశానికి పంపించారు. అక్కడి జనం తమలో తాము చంపుకుంటున్నారని, మధ్యలో నిలబడడానికి ఐక్యరాజ్యసమితి మన సైన్యాన్ని అడిగిందని చెప్పారు. ఆ ఏడు దీపావళికి ముందే చైనావాళ్ళు ఈశాన్య సరిహద్దులోని నేఫా కొండల్లోకి దిగారు. పద్మనాభయ్య ఆ కొండల్లోనే ఉన్నాడు.

ఇంట్లో హజరత్తయ్య, ఇద్దరు కోడళ్ళు, పెద్దకోడలి చంటి కూతురు. హజరత్తయ్య భార్య పోయి చాలా ఏళ్ళయింది. పెద్దకోడలు మస్తానమ్మది బుచ్చిరెడ్డిపాలెం. నెమ్మదైన మనిషి, మాట్లాడితే చేస్తున్న పని చెడిపోతుందేమోనన్నట్టు ఉంటుంది. చిన్నకోడలు చెంచులక్ష్మిది గూడూరు. ఎనిమిదో తరగతి దాకా చదివింది. పెళ్ళయ్యాక మొగుడితో కలిసి గడిపింది రెండు సెలవులు మాత్రమే. రెండోసారి పద్మనాభయ్య సెలవు పూర్తికాకముందే పిలుపొచ్చి వెళ్ళిపోయాడు.

యుద్ధం మొదలైన నాటినుంచి చెంచులక్ష్మికి కాలు ఒకచోట నిలవలేదు. బియ్యంలో రాళ్ళు ఏరడానికి కూర్చుంటే చేట పక్కన పెట్టి లేచేది. పొద్దుగూకేవేళ పంచాయతీ ఆఫీసులో రేడియో పెడతారు. ఆడవాళ్ళు అక్కడికి పోరు. ఆమె మాత్రం వెళ్ళి గోడ బయట నిలబడేది. వార్తలు అయిపోయాక బడి అయ్యవారు కృపాదానం వాటిని అందరికీ విప్పి చెప్పేవాడు. నేఫాలోని తవాంగ్ చైనావాళ్ళ చేతికి పోయిందని చెప్పిన మర్నాడు ఆమె తిన్నగా బడికి వెళ్ళింది.

"అయ్యవారూ, నేఫా యాడుందో, కాంగో యాడుందో చూపించండి."

కృపాదానం గోడకున్న పటం దగ్గరికి తీసుకెళ్ళి చూపించాడు. ఆమె నెల్లూరు మీద బొటనవేలు ఆనించి నేఫా దాకా చూసింది. మళ్ళీ కాంగో దాకా చూసింది. మధ్యలో సముద్రమంతా దాటాలి.

"అంతదూరం పొయ్యి వాళ్ళ తగాదా తీరుస్తా ఉంటే, ఈడ మన ఇంటికే నిప్పు పెట్టిరి గదండీ."

"నిజమేనమ్మా. అయినా ఎవురి తగాదా వాళ్ళదే అనుకుంటే, రేపు మన తగాదాకి ఎవురొస్తారు?"

"ఇప్పుడొచ్చినారా? కాంగోవోళ్ళు ఎవురన్నా వచ్చినారా?"

"వాళ్ళకే తిండి లేదు. వాళ్ళు రాలేరు. రాలేనోళ్ళ కాడికే గదా మనం పోవాల్సింది."

ఆమె మనసు ఊరుకోలేదు. ఇంటికొస్తూ దారంతా ఆ అయ్యవారితోనే లోలోపల వాదించుకుంటూ వచ్చింది.

రెండు రోజులకు కొడవలూరు నుంచి కామాక్షయ్య జీపులో వచ్చాడు. ఆయనకు రైసుమిల్లుంది. చుట్టుపక్కల ఏ సభ జరిగినా ముందు నడిచేది ఆయనే. రక్షణ నిధికి ఉంగరాలూ గొలుసులూ పోగు చేయడానికి కొడవలూరు బడి ఆవరణలో సభ పెడుతున్నారు. హజరత్తయ్య వేదికమీద కూర్చోవాలి.

"కూచుంటే చాలదు. రెండు ముక్కలు మాట్లాడాల. నా పెద్దకొడుకును కాంగో నించి పిలిపించండి, తమ్ముడి పక్కన నిలబెట్టండి అని అడుగు. ఎవురో అంటే పట్టదు. ఇద్దరు కొడుకుల తండ్రి అంటే ఢిల్లీ దాకా పోతాది."

హజరత్తయ్య తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

"ఒకడు మంచులో ఉండాడు. రెండోవాణ్ణి కూడా ఆ మంచులోనే పెట్టమని నా నోటితో అడగమంటావా కామాక్షయ్యా?"

"దేశం అడగతా ఉండాది."

"అడగనీ. అది అడిగితే వాడు పోతాడు. నేనెందుకు అడగాల?"

"మరి అల్లాడ కాంగోలో ఎవురి కోసమో చచ్చినా ఫరవాలేదా?"

ముసలాయన సభకు వస్తానన్నాడు, మాట్లాడనన్నాడు. కామాక్షయ్య అంతటితో సర్దుకుని వెళ్ళిపోయాడు. లోపల వంటింట్లో ఇద్దరు కోడళ్ళూ అంతా విన్నారు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ నారుమడిలో దిగారు. రాత్రి కురిసిన వానకు మడి నిండుగా ఉంది. పక్కపక్కనే వంగి నారు పీకుతున్నారు. చెంచులక్ష్మి పీకిన కట్టలు వదులుగా ఉండి విడిపోతున్నాయి.

"మామ సభలో అడిగితే బాగుండు," అంది ఆమె.

మస్తానమ్మ మరో పిడికెడు నారు పీకింది.

"నీకు బావ మీద బెంగ లేదా అక్కా?"

"ఉంది. ఆడ రోజూ కాల్పులు ఉండవంట. లారీ తోలుతా ఉండాడు. బతికొస్తాడనే నమ్మకం నాకుంది. ఆయన్ని తెచ్చి కొండెక్కిస్తే ఆ నమ్మకం నాకుండదు."

"అయితే నా మొగుడు?"

మస్తానమ్మ నడుం నిలబెట్టింది. "నీ మొగుడు చల్లగా ఉండాలని రోజూ దణ్ణం పెట్టుకుంటా ఉండా. దణ్ణం పెట్టమంటే పెడతా. నా మొగుణ్ణి ఇమ్మంటే ఇవ్వలేను మే."

"నీదని ఇయ్యడమేంది? ఆయన సిపాయి గదా. ఏ ఇంటి సిపాయి? మనింటికి సిపాయా, కాంగోవోళ్ళకా?"

"ఆ మాట పంపినోళ్ళని అడుగు. నన్నడగబాకు."

చేతిలో కట్ట గట్టున వేసి మస్తానమ్మ మడి అవతలి మూలకు వెళ్ళిపోయింది. ఆ పూటంతా ఇద్దరి మధ్యా మడంత దూరం ఉంది.

సభ రోజున సన్నగా తుంపర పడుతోంది. ఊరి ఆడవాళ్ళు బండ్లమీద కొడవలూరు వెళ్ళారు. మస్తానమ్మ పిల్లకు ఒళ్ళు వెచ్చగా ఉందని ఇంట్లోనే ఆగిపోయింది. బడి ఆవరణ నిండా జనం. హజరత్తయ్యకు దండ వేసి వేదికమీద కూర్చోబెట్టారు. కామాక్షయ్య గంభీరంగా మాట్లాడాడు. ఇల్లు కాలుతుంటే పొరుగూరి మంట ఆర్పడానికి బిందెలు పంపామన్నాడు. తరవాత హజరత్తయ్య వైపు తిరిగి, ఈ తండ్రి ఏమంటాడో వినండి అన్నాడు.

హజరత్తయ్య లేచాడు. మైకు చూసి వెనక్కి తగ్గాడు. "నాకు మాట్లాడేది రాదు," అని మళ్ళీ కూర్చున్నాడు. జనం కాసేపు చూసి గుసగుసలు మొదలుపెట్టారు. దండ వేసుకున్న ముసలాయన తల వంచుకుని ఉన్నాడు.

చెంచులక్ష్మి ఎప్పుడు లేచిందో, ఎలా నడిచిందో పక్కనున్నవాళ్ళు కూడా సరిగా గమనించలేదు. మైకు ముందు నిలబడేసరికి ఆమె చీర కుచ్చెళ్ళు బురదలో తడిసి ఉన్నాయి.

"నేను హజరత్తయ్య గారి చిన్నకోడల్ని. మా ఆయన నేఫాలో ఉండాడు. ఎట్ట ఉండాడో తెలీదు. మా బావ కాంగోలో ఉండాడు. మా బావ మంచోడు, ఎవురు అడిగినా సాయానికి పోతాడు. కానీ తమ్ముడు ఒంటరిగా ఉంటే అన్న పరాయి ఇంట్లో ఎందుకుండాల? కాంగోలో ఉండే మన వాళ్ళని వెనక్కి పిలిపించండి. వాళ్ళ గొడవ వాళ్ళు తీర్చుకుంటారు. మన గొడవ తీర్చడానికి మనం తప్ప ఎవురూ లేరు. మా ఆయనకి తోడు పంపించండి. అదే నేను అడిగేది."

ఆవరణంతా ఒక్కసారిగా చప్పట్లు. ఆడవాళ్ళు ఏడుస్తూ చేతులకున్నవి తీసి ఇచ్చారు. కామాక్షయ్య అక్కడికక్కడే తీర్మానం చదివి, ఢిల్లీకి తంతి కొట్టిస్తానన్నాడు. నాలుగు రోజుల్లో పత్రికలో కూడా వచ్చింది. నెల్లూరు జిల్లాలో ఒక జవాను భార్య కాంగోలోని మన సైన్యాన్ని వెనక్కి పిలిపించమని కోరిందని రాశారు.

సభ నుంచి తిరుగుబండిలో ఊరి పొలిమేరకు వచ్చాక హజరత్తయ్య ఆమెతో, "పెద్దదానికి నేను చెప్తాలే," అన్నాడు. చెప్పే అవసరం లేకపోయింది. ముందుబండి వాళ్ళు అప్పటికే చెప్పేశారు. మస్తానమ్మ పిల్లను చంకనేసుకుని, మూట పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది.

"బుచ్చికి పోతా ఉండా మామా. పిల్లకి బాగయినాక వస్తా."

"అక్కా, నేను బావకి కీడు కోరలేదు," అంది చెంచులక్ష్మి.

"తెలుసు. నీ మొగుడి మంచే కోరినావు. ఇంట్లో ఒక మాట నన్ను అడిగుంటే నేనూ ఏదో ఒకటి చెప్పేదాన్ని. ఊరందరి ముందరా నా మొగుడి సంగతి నువ్వు తేల్చినావు." ఆమె బండెక్కింది.

తరవాత వారంలోనే నేఫాలో సేలా కనుమ పోయింది, బొమ్డిలా పోయింది. చైనావాళ్ళు తమంతట తామే కాల్పులు ఆపి వెనక్కి వెళ్ళిపోతున్నారని రేడియో చెప్పింది. యుద్ధం ఆగిందని ఊళ్ళో కొందరు టపాకాయలు కాల్చారు. చెంచులక్ష్మి వాకిట్లోంచి వీధిలోకి, వీధిలోంచి వాకిట్లోకి తిరుగుతూనే ఉంది. డిసెంబరు మొదట్లో తంతి వచ్చింది. సిపాయి పద్మనాభయ్య కనిపించడం లేదు.

చచ్చాడని కాదు, బతికాడని కాదు. కుంకుమ పెట్టుకోవాలా వద్దా అని ఊరి ముసలమ్మలు మాట్లాడుకోవడం ఆమె చెవినపడింది. ఆ రోజు ఇంతకుముందు కంటే పెద్ద బొట్టు పెట్టుకుని పొలానికి వెళ్ళింది. ఎవరి చేలో నాట్లు పడుతుంటే ఆ చేలో దిగింది. పిలిచినా పిలవకపోయినా దిగింది. కాళ్ళు మొద్దుబారేదాకా నీళ్ళలో ఉండి ఇంటికొస్తే, పొయ్యిమీద అన్నం ఉడుకుతోంది. మస్తానమ్మ చారు తిరగమోత వేస్తోంది.

"ఎప్పుడొచ్చినావక్కా?"

"మధ్యాన్నం బస్సుకి. కాళ్ళు కడుక్కో. జలగలు పట్టినాయేమో చూసుకో."

క్షమించానని ఆమె చెప్పలేదు, చెంచులక్ష్మి అడగలేదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు.

జనవరిలో రేడియో కాంగో పేరు మళ్ళీ ఎత్తింది. కటంగా అనేచోట మన సైనికులు నది దాటి ముందుకు పోతున్నారన్నారు, కొందరికి గాయాలన్నారు. ఈసారి గోడ బయట ఇద్దరు కోడళ్ళు నిలబడ్డారు. వార్త అయ్యేదాకా చెంచులక్ష్మి అక్క చెయ్యి పట్టుకునే ఉంది. జయరామయ్య క్షేమమని తెలియడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ, సభలో తను అడిగినట్టు అప్పుడే పిలిపించి ఉంటే బావకు ఈ గండం ఉండేది కాదనే ఆలోచన ఆమెకు వచ్చింది. పిలిపించి ఉంటే సేలాలో ఉండేవాడు కదా అనే ఆలోచన కూడా వచ్చింది. రెండు ఆలోచనలూ ఒకదాన్నొకటి తరుముకుంటుంటే చేతిలోని రోకలి దేన్ని దంచుతోందో కూడా ఆమెకు తెలిసేది కాదు.

జయరామయ్య జూనులో ఇల్లు చేరాడు. ఎండకు నల్లబడి, దవడలు లోపలికి పోయి ఉన్నాడు. నెల ముందే ఓడ దిగినా ఇంటికి రాలేదు. చైనావాళ్ళు వదిలిపెట్టిన మన యుద్ధఖైదీలను బీహారులో ఒక శిబిరంలో ఉంచారని తెలిసి, సెలవు పెట్టుకుని అటు వెళ్ళాడు. తమ్ముడి కంపెనీవాడు ఒకడు దొరికేదాకా తిరిగాడు. వాకిట్లోకి వచ్చి చెప్పులు విప్పకుండానే తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని అన్నీ చెప్పాడు.

సేలా నుంచి వెనక్కి రమ్మని ఆజ్ఞ వచ్చినప్పుడు, చివరి కంపెనీ దాటేదాకా టెలిఫోను దగ్గర ఒకడు ఉండాలన్నారు. పద్మనాభయ్య ఉన్నాడు. చేతులు కొంకర్లు పోకుండా ఊదుకుంటూ ఉండడం ఆ ఖైదీ చూశాడు. ఆ తరవాత వాడున్న కొండదారి మలుపు మీద గుండ్లు పడ్డాయి. ఖైదీల్లో వాడు లేడు, వచ్చినవాళ్ళలోనూ లేడు.

హజరత్తయ్య పెద్దకొడుకు తలమీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు. చెంచులక్ష్మి ఏడవలేదు. ఏడ్చింది మస్తానమ్మే. రాత్రికి చెంచులక్ష్మికి జ్వరం వచ్చి, వారం దాకా తగ్గలేదు.

జ్వరం తగ్గాక ఒక పొద్దున ఆమె ఇంటివెనక ఇసకనేలలో ఉన్న దొరువు దగ్గరికి వెళ్ళింది. దొరువంటే పెద్ద లోతుండదు. ఇసకలో తవ్విన గుంట, ఊటనీళ్ళు. జయరామయ్య అందులో దిగి కుండలతో నీళ్ళు ముంచి వంగతోటకు పోస్తున్నాడు. నీళ్ళు చాలినా ఆపకుండా పోస్తున్నాడు. మస్తానమ్మ గట్టున కూర్చుని వంకాయలు కోస్తోంది.

"బావా, ఒకటి అడగాల."

"అడుగు తల్లీ. నువ్వు అడగతావనే చూస్తా ఉండా."

"మీటింగులో నేను మాట్లాడింది నీకు తెలుసా?"

"ఆడే తెలిసింది. కావలి ఊరి కుర్రోడొకడికి ఇంటినించి పత్రిక వచ్చింది. నా ముందరే చదివినాడు."

"కోపమొచ్చిందా?"

"లేదు. నువ్వు కొడవలూరులో అడిగితివి, మేము ఆడ అడిగినాం. చీనావోళ్ళు వచ్చినారని తెలిసిన రోజు కుర్రోళ్ళంతా పొయ్యి ఆఫీసరు ముందర నిలబడినాం. మమ్మల్ని పంపించండి అన్నాం. ఆయన కూడా తనని పంపమని రాసినాడంట. ఉండమని ఆర్డరొచ్చింది."

"ఉండి ఏం చేసినావు? నాకు చెప్పు. మా ఆయన ఆడ చేతులు ఊదుకుంటా ఉండినప్పుడు నువ్వు ఏం చేస్తా ఉండినావు?"

మస్తానమ్మ చెయ్యి ఆగింది. జయరామయ్య కుండ కిందపెట్టి దొరువు మెట్టుమీద కూర్చున్నాడు.

"ఊరి బయట ఒక బడి ఉండింది. ఇళ్ళు కాల్చేస్తే పారిపొయ్యి వచ్చిన జనమంతా దాంట్లో ఉండిరి. నేను లారీలో మొక్కజొన్న పిండి తీసకపొయ్యేవాణ్ణి. మనోళ్ళు పదిమంది గేటు కాడ కాపలా. తుపాకులోళ్ళు అవతల తోపులో ఉండేవాళ్ళు, మాకు కనిపిస్తానే ఉండేవాళ్ళు. మేము కదిలితే వాళ్ళు లోపలికొస్తారు. ఆ బళ్ళో ఒకామె ఉండేది, మన మస్తానమ్మ వయసు. నేను పిండి దించి లారీ ఎక్కేటప్పుడల్లా కేషో అనేది. కేషో అంటే వాళ్ళ భాషలో రేపు. రేపూ వస్తావా అని. నేను తల ఊపేవాణ్ణి. ఈడ మన దేశంలో యుద్ధం మొదలైందని వాళ్ళకీ తెలిసింది. ఇంక వెళ్ళిపోతారని ఎవురో చెప్పినారు. ఆ రోజు బళ్ళో ఉండేవాళ్ళంతా లారీ చుట్టూరా వచ్చి నిలబడినారు. ఎవురూ గొంతు లేపలేదు. చూస్తా ఉండారు అంతే. నాకు పిచ్చెత్తినట్టయింది. ఇంటికి పోవాలని ఉంది, తమ్ముడి కాడికి పోవాలని ఉంది. లారీ ముందుకి తోలాలంటే వాళ్ళు అడ్డం."

"తరవాత?"

"ఉన్నాం. వాళ్ళు బతికినారు. నేను లేకపోతే వాళ్ళు చచ్చేవాళ్ళు, అది నాకు తెలుసు. నేను సేలాలో ఉంటే తమ్ముడు బతికేవాడా అంటే అది నాకు తెలీదు. ఆ రెండూ ఒక తక్కెట్లో పెట్టి తూయమంటే నాకు చేత కాదు."

"అయితే నేను అడిగింది తప్పా?"

"తప్పు గాదు."

"నువ్వు ఉండింది?"

"అదీ తప్పు గాదేమో."

"ఎవురిదీ తప్పు గాకపోతే మా ఆయన ఏమయినాడు బావా?"

చెంచులక్ష్మి వంగమొక్కల మధ్య నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. వార్త వచ్చాక ఏడవడం అదే మొదలు. మస్తానమ్మ వచ్చి ఆమెను పట్టుకుంది. జయరామయ్య అటు తిరిగి మళ్ళీ కుండ ముంచాడు.

జయరామయ్య సెలవు అయిపోయి వెళ్ళాడు. కామాక్షయ్య పద్మనాభయ్య పేరిట రాయి వేయిస్తానని వచ్చాడు. ఆవిష్కరణ నాడు, పరాయి దేశాలకు సైన్యాన్ని పంపడం ఎంత పొరపాటో చెంచులక్ష్మి మాట్లాడాలన్నాడు. రాయి వేయించమంది, మాట్లాడనంది. కృపాదానం ఆమెను నెల్లూరులో టీచరు ట్రైనింగుకు చేర్పించాడు. రెండేళ్ళకు గూడూరులో ఎలిమెంటరీ బళ్ళో అయ్యవారమ్మ అయింది. సెలవలకు మాత్రం పుట్టింట్లో ఉండకుండా దొరువులపాలెం వచ్చేది.

అరవై ఆరులో జయరామయ్యకు పదిహేనేళ్ళ సర్వీసు నిండవచ్చింది. ఇంకా కొంతకాలం ఉంటానంటే గాజాకు పంపిస్తామన్నారు. అక్కడ ఈజిప్టుకూ ఇజ్రాయెలుకూ మధ్య, సరిహద్దు పొడవునా పదేళ్ళుగా మన సైనికులు కాపలా ఉన్నారు. సెలవుమీద వచ్చి అతను ఆ సంగతి చెంచులక్ష్మిని అడిగాడు.

"నన్నడగబాకు బావా. నేను ఒకసారి అందరి తరఫునా మాట్లాడినా. ఆ రోజు అక్కనెవురూ అడగలా, నేనూ అడగలా. ఈసారి ఆమె ఏం చెప్తే అది చెయ్యి."

మస్తానమ్మ వద్దంది. ఒక్క మాటే అంది. జయరామయ్య పట్టాళం మాని ఇంటికొచ్చేశాడు.

వచ్చాడన్న మాటేగాని, ఇంట్లో కుదురు లేదు. గట్టు వేస్తూ వేస్తూ పార వదిలేసి సముద్రం దాకా నడిచి వచ్చేవాడు. ఎక్కడ నలుగురు కూర్చుని లోకం సంగతులు మాట్లాడుకుంటున్నా నిలబడి విని, ఏమీ అనకుండా వెళ్ళిపోయేవాడు. హజరత్తయ్య వాణ్ణి చూసి, కాడి తీసినా ఎద్దు మెడ రుద్దుకుంటోంది అనేవాడు.

అరవై ఏడు జూనులో చెంచులక్ష్మి సెలవలకు వచ్చి ఉండగా గాజా వార్త వచ్చింది. వెళ్ళిపొమ్మని ఈజిప్టు చెప్పడంతో మన సైనికులు మూటలు కట్టుకుని ఓడకోసం చూస్తున్నారు. ఈలోగా యుద్ధం వాళ్ళమీద పడింది. కొందరు చనిపోయారు. పేర్లు చెప్పలేదు. జయరామయ్య ట్రాన్సిస్టరు ఆపేసి అరుగుమీద కూర్చున్నాడు.

"నువ్వు పోకపోవడం మంచిదయింది," అంది మస్తానమ్మ.

"నేను పోకపోతే ఆ చోట ఇంకొకడు పొయ్యుంటాడు గదా."

అతను చెంచులక్ష్మి వైపు చూశాడు. "పదేళ్ళు నిలబడినారు. పొమ్మంటే కదిలినారు. కదిలినారో లేదో మంట లేచింది. ఏం సాధించినట్టు? ఎవురికోసం చచ్చినట్టు?"

"పదేళ్ళు ఆ సరిహద్దు పక్కన పిల్లలు బడికి పొయ్యుంటారు గదా బావా," అంది చెంచులక్ష్మి. తన నోటినుంచి ఆ మాట రావడం ఆమెకే కొత్తగా ఉంది.

"మరి ఈ చచ్చినోళ్ళ పిల్లలో?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నాలుగేళ్ళ కిందట దొరువు దగ్గర ఎవరు ఏ వైపు ఉన్నారో ఇద్దరికీ గుర్తుంది.

చెంచులక్ష్మి లోపలికి వెళ్ళి చీర మార్చుకుంది. గూడూరులో ఆమె దగ్గర చదివే ఒక పిల్ల తల్లి వెంకటశేషమ్మ. ఆమె మొగుడు గాజాలోనే ఉన్నాడు. అత్తమామలు లేరు, పిల్లతో ఒక్కతే ఉంటుంది.

"నేను పోతా ఉండా అక్కా. ఆమె ఈ వార్త వినే ఉంటాది."

"నేనూ వస్తా," అని జయరామయ్య చొక్కా తీసుకున్నాడు. మస్తానమ్మ పిల్లను మామకు అప్పగించి, అన్నం కూర డబ్బాలో సర్దుకుని వాళ్ళ వెనకే బయలుదేరింది. నెల్లూరులో బస్సు మారి గూడూరు చేరేసరికి మిట్టమధ్యాహ్నం.

వెంకటశేషమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. వీళ్ళను చూసి, "ఏమన్నా తెలిసిందా?" అంది.

"ఇంకా ఏం తెలీదు," అంది చెంచులక్ష్మి.

"ఆయనకీ ఆ దేశాలకీ ఏం సంబంధం టీచరమ్మా? ఎందుకు పంపినట్టు?"

జయరామయ్య ఏదో చెప్పబోయాడు. చెంచులక్ష్మి అతని వైపు తల అడ్డంగా ఊపింది. వెంకటశేషమ్మ భుజం పట్టి లోపలికి నడిపించి, "పొద్దున్నించీ ఏమన్నా తిన్నావా?" అని అడిగింది. మస్తానమ్మ అప్పటికే పళ్ళెం వెతుకుతోంది. జయరామయ్య బయట అరుగుమీద కూర్చుని, వీధిలో తంతివాడు వచ్చే వైపు చూడసాగాడు.

వాళ్ళు అక్కడ నాలుగు రోజులున్నారు. అయిదో రోజున, వెంకటశేషమ్మ మొగుడు క్షేమంగా ఉన్నాడని తెలిసింది. నెల తిరక్కముందే అతను ఇంటికొచ్చాడు. అతని పక్క గుడారంలో పడుకున్నవాడు రాలేదు. జయరామయ్య ఒకరోజు ప్రత్యేకంగా గూడూరు వెళ్ళి, అరుగుమీద అతని పక్కన సాయంత్రం దాకా కూర్చుని వచ్చాడు. ఏం మాట్లాడుకున్నారని మస్తానమ్మ అడిగితే, "అతను ఆ చనిపొయ్యినోడి సంగతి చెప్పినాడు, నేను తమ్ముడి సంగతి చెప్పినా," అన్నాడు.